చెరువులో ఈతకు దిగే ముందు నీళ్లు మంచివో కావో చూసుకోవడం ఎలా?

వేసవి సెలవులు మొదలైతే పిల్లలు ఇంటి పట్టున ఉండరు. ఊరికి చెరువుందంటే మధ్యాహ్నానికల్లా అందులోనే ఉంటారు. "లోతుకు పోకండి, చీకటి పడకముందే వచ్చేయండి" అని చెప్పి పంపిస్తాం. అవి చెప్పాల్సినవే. చెరువు ప్రమాదాల్లో మునిగిపోవడమే అన్నిటికన్నా పెద్దది, ఈత వచ్చిన పెద్ద మనిషి దగ్గర లేకుండా పిల్లల్ని నీళ్లలోకి దింపనే కూడదు. కానీ నీళ్లు ఎలాంటివో చూసుకునే అలవాటు మాత్రం మనకు లేదు. చూసినా గట్టు మీద నిలబడి, "తేటగానే ఉన్నాయి కదా" అనుకుని దిగిపోతాం.

నీళ్లు తేటగా ఉన్నంతమాత్రాన మంచివి కావు. విరేచనాలు, జ్వరాలు తెప్పించే క్రిములు లక్షల్లో ఉన్నా కంటికి కనపడవు. మరోపక్క నల్లరేగడి నేలల్లో కొన్ని చెరువులు ఏడాది పొడుగునా బురద రంగులోనే ఉంటాయి, ఆ రంగు మట్టిదే తప్ప మురికిది కాదు. అందుకే నీళ్లను చూసి కాదు, ఆ నీళ్లు ఏ దారిన వస్తున్నాయి, దారిలో వాటిలో ఏం కలుస్తోంది అన్నది చూసి నిర్ణయించుకోవాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక పొద్దున కాస్త నడవాలి, నలుగురిని నాలుగు మాటలు అడగాలి.

1. చెరువు చుట్టూ ఒకసారి నడవండి

కట్ట మీద నుంచి చూస్తే చెరువు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. అసలు సంగతి కట్టకు ఎదురువైపు, అంటే నీళ్లు వచ్చి చేరే వైపు ఉంటుంది. వాగు గానీ, వరద కాల్వ గానీ ఎక్కడ చెరువులో కలుస్తుందో అక్కడిదాకా వెళ్లండి. ఆ కాల్వ వెంట పైకి ఒక అర కిలోమీటరైనా నడవండి. ఊళ్లోని సిమెంటు డ్రైనేజీ కాల్వలు చివరికి ఎక్కడ తేలుతున్నాయో చూడండి. చాలా ఊళ్లలో ఇళ్లలోని మురుగునీళ్లన్నీ కాల్వల్లో పడి నేరుగా చెరువులోకే పోతాయి. వానాకాలంలో పారుతూ కనిపిస్తాయి గానీ ఎండాకాలంలో సన్నటి నల్లటి చారలా మాత్రమే ఉంటాయి. ఆ చారను తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలంలో చెరువులో చేరేది ఆ ఒక్క మురుగే, దాన్ని పలచబరిచే వరద నీళ్లు అప్పుడు రావు.

నడిచేటప్పుడు ఇవి చూడండి:

- మరుగుదొడ్డి పైపులు, సెప్టిక్ ట్యాంకు గొట్టాలు కాల్వలోకి తెరిచి ఉన్నాయా?
- సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్రాక్టర్లు, లారీలు చెరువు శిఖంలోకి, అంటే నీళ్లు నిలిచే భూమిలోకి, వెళ్లిన చక్రాల జాడలున్నాయా? వీళ్లు తరచూ రాత్రిపూటే పారబోసి పోతారు. దగ్గర పొలం ఉన్న రైతును అడిగితే తెలిసిపోతుంది.
- ఎగువన కోళ్ల ఫారాలున్నాయా? ఎరువు కుప్పలు నీటి దారిలో ఉన్నాయా?
- మందు కొట్టాక స్ప్రేయర్లు, డబ్బాలు ఎక్కడ కడుగుతున్నారు? గట్టు మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు పడి ఉంటే, అక్కడే కడుగుతున్నారనుకోవచ్చు.
- గేదెలు దిగే రేవు, బట్టలు ఉతికే రేవు, పిల్లలు ఈదే చోటు ఒకటేనా, వేర్వేరా?

ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. గేదెలు నీళ్లలో నిలబడితే పేడ, మూత్రం నీళ్లలోనే పడతాయి. పిల్లలు కూడా సరిగ్గా అక్కడే దిగుతారు, ఎందుకంటే గట్టు వాలుగా ఉండి కాలు మోపడానికి అనువైన చోటు అదొక్కటే ఉంటుంది.

పరిశ్రమల వ్యర్థాలు కలిసే చెరువైతే పరీక్షలు, జాగ్రత్తలు అన్న మాటే అక్కర్లేదు. అందులో దిగకూడదు, అంతే. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులు, వాగులు రసాయన పరిశ్రమల వల్ల పాడైన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నీళ్ల మీద తెల్లటి నురగ నిలిచిపోవడం, వింత రంగులు, ముక్కు మండించే మందు వాసన ఉంటే వెనక్కి తిరగండి. నీళ్లు మరిగించినా, వడగట్టినా, బ్లీచింగ్ వేసినా ఆ రసాయనాలు పోవు.

2. చేపల చెరువా? కాంట్రాక్టరును అడగండి

మన చెరువుల్లో ఎక్కువ భాగం మత్స్యకార సంఘాల చేతిలోనో, కౌలుకు తీసుకున్నవాళ్ల చేతిలోనో ఉంటాయి. చేప పిల్లల్ని వదిలే ముందు, ఆ తర్వాత కూడా నీళ్లలో పేడ, కోళ్ల ఎరువు వేయడం మామూలు పద్ధతే. దాంతో నీళ్లలో నాచు పెరుగుతుంది, దాని మీద చేపలు బతుకుతాయి. చేపలకు అది మేలే గానీ మనిషి ఈదడానికి ఆ నీళ్లు పనికిరావు. కోళ్ల వ్యర్థాలను మేతగా వేసే చెరువులైతే మరీ ప్రమాదం. నిబంధనలు ఒప్పుకోకపోయినా వేసేవాళ్లున్నారు.

ఇక్కడ గొడవ పెట్టుకోవాల్సిన పనిలేదు. "అన్నా, ఎరువు ఎప్పుడు వేశారు, మళ్లీ ఎప్పుడు వేస్తారు?" అని మర్యాదగా అడగండి. చెరువును రోజూ చూసేది వాళ్లే. చేపలు ఎప్పుడు తేలాయో, మురుగు ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ జేసీబీ గుంతలున్నాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పూడిక తీసిన గుంతల గురించి కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి. నడుము లోతు నుంచి ఒక్క అడుగులో రెండు నిలువుల లోతుకు జారిపోయే చోట్లు అవే.

3. ఎప్పుడు దిగకూడదో తెలుసుకోండి

పెద్ద వాన పడ్డాక కనీసం రెండు మూడు రోజులు చెరువులో దిగకండి. తొలకరి వానలైతే ఇంకా జాగ్రత్త. నెలల తరబడి నేల మీద ఎండిన మలం, పేడ, చెత్త, పురుగుమందుల అవశేషాలు అన్నీ మొదటి రెండు మూడు వానలకే కొట్టుకొచ్చి చెరువులో పడతాయి. చెరువు నిండుతోందన్న ఉత్సాహంలో కుర్రాళ్లు దిగేది కూడా అప్పుడే.

ఎండాకాలం చివర మరో రకం ఇబ్బంది. నీళ్లు తగ్గి చెరువు మధ్యలో మడుగులా మిగులుతుంది. అదే మురుగు, అవే గేదెలు, నీళ్లు మాత్రం పావు వంతు. పైగా వేడెక్కి ఉంటాయి. మన పిల్లలకు సెలవులు ఏప్రిల్, మే నెలల్లోనే కాబట్టి, చెరువు అధ్వాన్నంగా ఉన్న రోజుల్లోనే అందులో ఎక్కువ మంది పిల్లలుంటారు. నన్నడిగితే, మడుగు స్థాయికి వచ్చిన చెరువులో ఈతను ఆ ఏడాదికి ఆపేయడమే మంచిది.

చెరువు నిండి, అలుగు పారి, వరద సద్దుమణిగాక, అంటే చాలాచోట్ల అక్టోబరు తర్వాత, ఉన్నంతలో నీళ్లు మెరుగ్గా ఉంటాయి. అయితే అలుగు దుంకుతున్నప్పుడు మాత్రం దాని దరిదాపులకు పోకూడదు. అక్కడ నీళ్ల మంచిచెడ్డల కన్నా వేగమే ప్రాణం తీస్తుంది.

4. నాచును గుర్తుపట్టండి

చెరువు పచ్చగా ఉంటే అన్నీ ఒకటే అనుకోకండి. పచ్చదనంలో చాలా రకాలున్నాయి.

గుర్రపుడెక్క, తామర పెద్ద మొక్కలు. వాటిలో విషం లేదు. కానీ గుర్రపుడెక్క చెరువంతా కమ్మేసిందంటే మురుగు బాగా చేరుతోందని అర్థం. పైగా దాని వేళ్లలో కాళ్లు చిక్కుకుంటాయి, కింద ఏముందో కనపడదు. చిన్న చిన్న ఆకులు తేలుతూ పరుచుకునే అజొల్లా లాంటివి దగ్గర నుంచి చూస్తే విడివిడిగా కనిపిస్తాయి. వాటితోనూ నేరుగా ప్రమాదం లేదు. నీళ్లలో జుట్టులా పొడుగ్గా పెరిగే నాచును కర్రతో పైకెత్తితే కర్రకు వేలాడుతుంది. అది కాలు జారుస్తుంది, అంతకుమించి చేసేదేమీ లేదు.

భయపడాల్సింది నీలి ఆకుపచ్చ నాచుకు. నీళ్ల మీద పచ్చ పెయింటు ఒలికినట్టు, ఒక్కోసారి నీలి ఛాయతో, గట్టు పక్కన చిక్కటి మీగడలా పేరుకుంటుంది. కర్ర ముంచి తీస్తే తీగల్లా వేలాడదు, కర్రకు రంగులా పూసుకుంటుంది. మట్టి వాసన, ముదిరాక కుళ్లు వాసన వస్తుంది. వరి రైతులకు ఈ పేరు వింటే జీవన ఎరువు గుర్తొస్తుంది. ఈ కుటుంబంలో రకాలు చాలా ఉన్నాయి, అన్నీ విషం వదలవు. కానీ చెరువులో పేరుకున్నది విషం వదిలే రకమా కాదా అన్నది కంటితో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. కాబట్టి విషమనే అనుకుని దూరంగా ఉండాలి. ఆ విషం తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది, మింగితే వాంతులు, విరేచనాలు అవుతాయి, ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. గొడ్లు, కుక్కలు ఆ నీళ్లు తాగి చనిపోవడం కూడా ఉంది. మరిగిస్తే ఈ విషం పోదన్నది గుర్తుపెట్టుకోండి.

అనుమానంగా ఉంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. చేతికి రబ్బరు గ్లవ్స్ వేసుకుని, మూతున్న గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టండి. పైన తేలే తెట్టును మాత్రమే తీయకండి, కాస్త కింద నుంచి ముంచండి. సీసా బయట శుభ్రంగా తుడిచి, పిల్లలు పొరపాటున తాగకుండా గుర్తు పెట్టి, ఫ్రిజ్‌లో ఒక మూల కదలకుండా రాత్రంతా ఉంచండి. తెల్లారి కదపకుండా చూడండి. పచ్చదనం అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకుంటే అది మామూలు నాచు కావచ్చు. పచ్చదనమంతా పైకి తేలి వలయంలా పేరుకుంటే నీలి ఆకుపచ్చ నాచు అనే అనుకోవాలి, ఎందుకంటే వాటిలో చాలావాటికి నీళ్లలో తేలడానికి గాలి తిత్తులుంటాయి. ఇది ల్యాబ్ పరీక్ష కాదు. పైకి తేలకపోతే భయం లేదని కాదు, తేలితే మాత్రం ఇక ఆలోచించే పనిలేదు.

గాలి ఎటు వీస్తే ఈ తెట్టు ఆ గట్టుకు చేరుతుంది. పొద్దున తూర్పు గట్టున కనపడలేదని సాయంత్రం పడమటి గట్టున దిగితే లాభం లేదు. చెరువులో ఒక్కచోట కనిపించినా చెరువంతా ఉన్నట్టే లెక్క.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతుంటే నీళ్లలో ప్రాణవాయువు పడిపోయిందని గుర్తు. నాచు, మురుగు ఎక్కువైన చెరువుల్లో రాత్రి గడిచేసరికి అలా అవుతుంది. ఒక్కసారిగా చేపలతో పాటు కప్పలు, పురుగులు కూడా చచ్చి తేలితే మాత్రం ఎగువ పొలాల్లో మందు కొట్టిన నీళ్లు కలిశాయేమో అనుమానించి, చెరువు దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి.

5. నీళ్లు పరీక్ష చేయించండి

ఇంతవరకు చూసినవాటిలో తప్పేమీ కనపడకపోతే, అప్పుడు పరీక్ష. ముందే చెడ్డదని తేలిన చెరువుకు పరీక్ష దండగ.

పంచాయతీల దగ్గర, ఆశా కార్యకర్తల దగ్గర తాగునీటి పరీక్ష కోసం ఇచ్చిన చిన్న సీసాలుంటాయి. వాటిని హెచ్‌టూఎస్ సీసాలంటారు. గీత వరకు నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలం తాలూకు క్రిములున్న నీళ్లు నల్లబడతాయి. కానీ ఇది తాగునీళ్ల కోసం చేసింది, తాగే నీళ్లలో ఒక్క క్రిమి కూడా ఉండకూడదు. చెరువు నీళ్లు పోస్తే దాదాపు ఎప్పుడూ నల్లబడతాయి. అందుకని నల్లబడిందా లేదా అన్నదాని కన్నా ఎంతసేపట్లో నల్లబడిందన్నది చూడండి. సాయంత్రం పోసింది తెల్లారేసరికే చిక్కటి నలుపైతే కాలుష్యం ఎక్కువన్నమాట. ఇంతకుమించి ఆ సీసా చెప్పలేదు.

లెక్క కావాలంటే ల్యాబ్‌కు పంపాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లాల్లో ల్యాబ్‌లున్నాయి. జల్ జీవన్ మిషన్ కింద ఈ ల్యాబ్‌లలో మామూలు జనం కూడా నామమాత్రపు ఫీజుతో పరీక్షలు చేయించుకోవచ్చు. పంచాయతీ కార్యదర్శి ద్వారా వెళితే పని ఇంకా తేలికవుతుంది. మలం తాలూకు క్రిములను ల్యాబ్ భాషలో ఫీకల్ కోలిఫాం అంటారు. అడగాల్సింది ఇది: "ఫీకల్ కోలిఫాం, 100 మిల్లీలీటర్లకు ఎంత?" ఉంది, లేదు అని రాసిస్తే మనకు పనికిరాదు. సంఖ్య కావాలని ముందే చెప్పండి.

శాంపిల్ తీయడంలోనే చాలా పరీక్షలు పాడవుతాయి, కాబట్టి ఇది కాస్త నిదానంగా చదవండి. సీసా ల్యాబ్ నుంచే తెచ్చుకోండి, వాళ్లు క్రిములు లేకుండా చేసి ఇస్తారు. దాన్ని చెరువు నీళ్లతో కడగకండి. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కేకొద్దీ సూర్యకాంతికి పైనీళ్లలోని క్రిములు కొంత చచ్చి లెక్క తక్కువ చూపిస్తుంది. పిల్లలు ఆడే చోటే, నడుము లోతులో నిలబడండి. నడిచి వెళితే బురద లేస్తుంది కాబట్టి అది కిందికి దిగేదాకా ఆగండి. మూత లోపలివైపు, సీసా మూతి వేళ్లకు తగలకూడదు. సీసాను బోర్లా పట్టుకుని మోచేయి లోతుకు, అంటే ఒక అడుగు దాకా ముంచండి. అక్కడ దాన్ని తిప్పి, మీ నుంచి దూరంగా ముందుకు నెడుతూ నింపండి. పూర్తిగా నింపకుండా పైన ఒక వేలెడు ఖాళీ వదిలి మూత పెట్టండి. తేదీ, సమయం, చోటు, గత మూడు రోజుల్లో వాన పడిందా లేదా అన్నవి రాసి అంటించండి. ఐస్ డబ్బాలో పెట్టి వీలైతే ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. గడ్డకట్టనివ్వకండి.

ఫలితం వచ్చాక దేనితో పోల్చుకోవాలి? స్నానం చేసే నీళ్లకు కేంద్ర ప్రభుత్వం 2000లో ప్రమాణాలు నోటిఫై చేసింది. దాని ప్రకారం ఫీకల్ కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉంటే మంచిది, ఎట్టి పరిస్థితుల్లోనూ 2500 దాటకూడదు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 నుంచి 8.5 మధ్య, కరిగి ఉన్న ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ, బీఓడీ 3 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. బీఓడీ అంటే నీళ్లలోని కుళ్లును అరిగించుకోవడానికి క్రిములు వాడుకునే ప్రాణవాయువు లెక్క. అది పెరిగితే మురుగు కలుస్తోందనే.

పిల్లల విషయంలో 2500 అనే పై హద్దును పట్టించుకోకండి, 500నే హద్దుగా పెట్టుకోండి. పెద్దవాళ్లు మునిగి లేస్తారు, పిల్లలు గంటల తరబడి ఆడతారు, నీళ్లు మింగుతారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈత నీళ్లకు పెట్టుకున్న సగటు హద్దు 100 మిల్లీలీటర్లకు 126 ఈ.కోలి, అదీ మలం క్రిముల్లో ఒక రకమే. రెండు లెక్కలూ ఒకటే రకం కావు కాబట్టి నేరుగా పోల్చలేం గానీ, అక్కడ ఎంత జాగ్రత్త పడుతున్నారో తెలుస్తుంది. అక్కడుండే మనవాళ్లు సరస్సులకు పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రకటనలు, గట్టున పెట్టే బోర్డులు చూసుకోండి. ఎండాకాలంలో నాచు వల్ల ఈత ఆపేయడం అక్కడ కూడా మామూలే.

ఒక్క పరీక్ష ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. ఈత కాలంలో కనీసం నెలకొకటి, వాన పడ్డాక ఒకటి చేయిస్తే చెరువు తీరు తెలుస్తుంది.

6. ఎవరు దిగకూడదు, దిగినవాళ్లు ఎలా ఉండాలి

ఒంటి మీద పచ్చి పుండు, కోసుకున్న గాయం, కాళ్ల పగుళ్లు ఉన్నవాళ్లు దిగకూడదు. ఎలుక జ్వరం క్రిమి అలాంటి చోట్ల నుంచే ఒంట్లోకి పోతుంది. ఎలుకలు, పశువుల మూత్రం ద్వారా అది నీళ్లలోకి, బురదలోకి చేరుతుంది. చెవిలో చీము కారే పిల్లలు, చిన్న పసివాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. విరేచనాలున్న పిల్లల్ని మిగతా పిల్లల కోసం ఆపాలి, తగ్గాక కూడా కొన్నాళ్లు దింపకండి.

ఇప్పుడు ముక్కు సంగతి. 2024 మే నుంచి జూలై మధ్య కేరళలోని మలప్పురం, కన్నూర్, కోళికోడ్ జిల్లాలకు చెందిన ముగ్గురు పిల్లలు అమీబా వల్ల వచ్చే మెదడువాపుతో చనిపోయారు. అదే ఏడాది కోళికోడ్ జిల్లాకు చెందిన 14 ఏళ్ల అబ్బాయి బతికి బయటపడ్డాడు. త్వరగా గుర్తించి మందులు మొదలుపెట్టడమే కారణం. ఈ అమీబా వెచ్చటి మంచినీళ్లలో, అడుగు బురదలో ఉంటుంది. నీళ్లు మింగితే ఏమీ చేయదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. ముక్కులోకి నీళ్లు బలంగా ఎక్కినప్పుడు అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. జబ్బు చాలా అరుదు, కానీ వచ్చినవాళ్లలో బతికేవాళ్లు చాలా తక్కువ. దీని కోసం ఈత మానేసి భయపడుతూ కూర్చోమనడం లేదు, కొన్ని అలవాట్లు మార్చుకుంటే చాలు:

గట్టు మీద నుంచి, చెట్టు మీద నుంచి దూకుళ్లు మానిపించండి. దూకాల్సి వస్తే ముక్కు గట్టిగా మూసుకోవాలి. తల నీళ్లపైన ఉంచి ఈదడం నేర్పండి, ముక్కుకు పెట్టుకునే ఈత క్లిప్పులు దొరికితే పెట్టండి. అడుగున బురద కెలికే ఆటలు, మునిగి మట్టి తెచ్చే పందేలు వద్దు. చెరువు నీళ్లు ముక్కులోకి పీల్చి కడుక్కోవడం అసలే వద్దు. నోట్లోకి పోయిన నీళ్లు ఉమ్మేయడం, మింగకపోవడం చిన్నప్పుడే అలవాటు చేయాలి.

7. బయటికొచ్చాక

ఇంటికి రాగానే బోరు నీళ్లతోనో, నల్లా నీళ్లతోనో సబ్బు పెట్టి ఒళ్లంతా స్నానం చేయించండి. తడి బట్టలు అక్కడే మార్చి, తువ్వాలుతో ఒళ్లు గట్టిగా తుడవండి. తల పక్కకు వంచి చెవుల్లోని నీళ్లు కారనిచ్చి బయట మాత్రం తుడవాలి, లోపల పుల్లలు పెట్టకూడదు. తినేముందు చేతులు కడగాలి. కొందరికి కొన్ని గంటల్లోనే నీళ్లు తగిలిన మేరకు ఎర్రటి చిన్న పొక్కులు లేచి దురద పెడుతుంది. నత్తలున్న చెరువుల్లో కొన్ని పురుగుల లార్వాలు చర్మంలోకి దూరడం వల్ల అది వస్తుంది. గోకకుండా కాలమైన్ లోషన్ రాస్తే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

ఆ తర్వాత రెండు మూడు వారాలు కాస్త గమనించండి. వాంతులు, విరేచనాలు ఎక్కువగా రెండు మూడు రోజుల్లోనే మొదలవుతాయి. ఓఆర్ఎస్ పట్టించండి, రక్తం పడినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి వెళ్లండి. వారం, రెండు వారాల తర్వాత చలిజ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడడం ఉంటే ఎలుక జ్వరం కావచ్చు. ఆలస్యమైతే కామెర్లు, కిడ్నీల దాకా వెళుతుంది, ముందే గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది. ఈత కొట్టిన పన్నెండు రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం, తికమక మాటలు కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఏ జ్వరంతో వెళ్లినా డాక్టరుకు "ఫలానా రోజు చెరువులో ఈత కొట్టాడు" అని మీరే ముందుగా చెప్పండి. ఓపీ రద్దీలో డాక్టరు అడగకపోవచ్చు. మామూలు వైరల్ జ్వరమనుకునే కేసులో కూడా ఆ ఒక్క మాట వల్ల రాయాల్సిన పరీక్షలు మారిపోతాయి.

8. ఊరంతా కలిసి చేయాల్సినవి

దిగుడుబావుల్లోని నీళ్ల ద్వారా నారికురుపు, అంటే చర్మంలోంచి దారం లాంటి పురుగు బయటికొచ్చే జబ్బు, వ్యాపించే రోజులుండేవి. నీళ్లు వడగట్టడం, బావుల్లోకి దిగి నీళ్లు తోడకుండా చూడడం లాంటి చిన్న పనులు ఊరూరా చేసి ఆ జబ్బును దేశం నుంచే పంపేశాం, 2000లో భారత్‌కు ఆ జబ్బు లేదన్న గుర్తింపు కూడా వచ్చింది. చెరువు విషయంలో కూడా అంత కష్టమైన పనులేమీ లేవు.

గ్రామసభలో మూడు విషయాలు అడగండి. డ్రైనేజీ కాల్వను చెరువులోకి వదలకుండా ఇంకుడు గుంతలకో, శుద్ధి చేసే కుంటకో మళ్లించడం మొదటిది, డబ్బు పట్టేది కూడా అదే. రెండోది, గేదెల రేవును ఈత రేవుకు దూరంగా, నీటి ప్రవాహానికి దిగువవైపు పెట్టడం. ఇది మాట్లాడుకుంటే వారంలో అయిపోతుంది. మూడోది, సెప్టిక్ ట్యాంకు లారీలకు జరిమానా తీర్మానం. వినాయక చవితికి మట్టి విగ్రహాలు, రంగులు లేనివి తెచ్చుకుంటే రంగుల్లోని భార లోహాలు నీళ్లలో కలవవు.

చెరువులో బ్లీచింగ్ వేసేద్దామని ఎవరో ఒకరు అంటారు. అంత పెద్ద నీటిలో మట్టి, నాచు ఆ క్లోరిన్‌ను తినేస్తాయి, సరిపడా వేస్తే చేపలు చస్తాయి. బ్లీచింగ్ పని చేసేది బావులకు. మంచి రకం పౌడరు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున వేయాలి. ముందు బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే బావిలో పోయాలి. పిల్లలు ఈదే బావి ఉంటే దానికి ఇది చేయండి, పోసిన గంట వరకు ఎవరినీ దిగనివ్వకండి.

రేవు దగ్గర ఒక బోర్డు పెట్టించండి. దాని మీద చివరి పరీక్ష తేదీ, వచ్చిన సంఖ్య, ఈత ఉందా లేదా అన్నవి సుద్దముక్కతో రాసి మార్చేలా ఉండాలి. రాసే పని ఒకరి పేరు మీద పెట్టండి, వార్డు మెంబరుకో, యువజన సంఘంలో ఒకరికో. అదే సంగతి ఊరి వాట్సాప్ గ్రూపులో పడాలి, బడి తెరిచి ఉన్న రోజుల్లో టీచరు ప్రార్థన సమయంలో చెప్పాలి. వాన పడ్డ సాయంత్రమే బోర్డు మీద "ఈత లేదు" అని మారాలి. మళ్లీ పరీక్ష ఫలితం వచ్చేదాకా, అది కుదరకపోతే కనీసం మూడు రోజులు దాటి నీళ్లు తేరుకునేదాకా దాన్ని చెరపకూడదు.